పొగను చిలికే ధ్వని

"ముందు చెవుల్లో స్పాంజి ప్లగ్గులు పెట్టుకోండి సార్. వాటి మీద ఈ మఫ్‌లు. రెండూ ఉండాలి" అంటోంది పరిశోధక విద్యార్థిని. మీరు ప్లగ్గును వేళ్ల మధ్య నలిపి చెవిలో దూర్చుకుంటుండగానే ల్యాబ్ అటెండరు తలుపు మూసి, కిటికీలకు నల్లగుడ్డ దించి, లైట్లు ఆర్పేస్తాడు.

"బాబాయ్, ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా."

"ఆపేశానమ్మా."

మీ ఎదురుగా బల్ల మీద నిలువుగా ఒక గాజు గొట్టం ఉంది. పొడవు మీటరు, లోపలి వ్యాసం పది సెంటీమీటర్లు. పైన మందపాటి ఇనుప మూత. అడుగున, గుడి మైకు హారన్ వెనక బిగిస్తారే, ఆ డ్రైవర్ యూనిట్. దాని నుంచి రెండు వైర్లు యాంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి ఫ్రీక్వెన్సీ ఇచ్చే చిన్న పెట్టెకు పోతున్నాయి. గొట్టానికి ఒక పక్క ఆకుపచ్చ లేజర్. దాని ముందు అడ్డంగా నిలిపిన సన్నని గాజు కడ్డీ. కడ్డీని దాటగానే ఆ కిరణం పలుచటి రేకుగా విచ్చుకుని గొట్టాన్ని పైనుంచి కిందికి నిలువునా వెలిగిస్తోంది. గొట్టంలో ఇప్పుడేమీ లేదు కాబట్టి ఆ వెలుగూ కనిపించడం లేదు. గాజు అంచుల మీద మాత్రం రెండు పచ్చటి గీతలున్నాయి.

అటెండరు అగరుబత్తి వెలిగించి, పక్కనున్న రంధ్రం దగ్గర పట్టుకుని, రబ్బరు బంతి నొక్కి వదులుతూ పొగను లోపలికి పీలుస్తాడు. మల్లె వాసన గదంతా పరుచుకుంటుంది. గొట్టం అడుగు నుంచి పచ్చటి వెలుగు మెల్లగా పైకెక్కుతుంది. నిమిషం తిరిగేసరికి గొట్టం నిండా ఒకే తీరు వెలుగు. ముక్కు గాజుకు ఆనించి చూసినా అందులో ఒక్క రేణువు విడిగా కనిపించదు. ఎందుకు కనిపిస్తుంది? ఆ కణాల్లో చాలా వరకు ఒక మైక్రాను కంటే బాగా చిన్నవి. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒకటి మైక్రాను.

"ఇలాగే వదిలేస్తే ఎంతసేపట్లో కిందికి దిగుతుంది?" అని మీరు అడుగుతారు.

"దిగదు సార్" అంటుంది ఆమె. మఫ్‌లు పెట్టుకున్నా వినిపించేలా గొంతు పెంచి లెక్క చెబుతుంది. నీటంత సాంద్రత ఉన్న పది మైక్రాన్ల కణం నిశ్చలమైన గాలిలో మీటరు దిగడానికి అయిదారు నిమిషాలు చాలు. ఒక మైక్రాను కణానికి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. మైక్రానులో పదో వంతుదైతే పదమూడు రోజులు. పైగా నిశ్చలమైన గాలి అనేది లెక్కల్లోనే ఉంటుంది. మన వంటింట్లో, వీధిలో, ఊపిరితిత్తుల్లో ఎక్కడా గాలి నిలకడగా ఉండదు. అంటే అంత సన్నటి కణానికి కింద పడటమనేది దాదాపు లేనట్టే. ఎవరో ఒకరు పీల్చుకునేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఆ కణాలు తమంతట తాము ఒకదానికొకటి అంటుకోవా? అంటుకుంటాయి. గాలి అణువుల తాకిడికి అవి క్షణం తీరిక లేకుండా కంపిస్తుంటాయి. ఎదురుపడ్డ రెండు కణాలు తగిలితే సాధారణంగా మళ్లీ విడిపోవు. కానీ ఘన సెంటీమీటరుకు పది లక్షల కణాలున్న చిక్కటి పొగలో కూడా ఆ సంఖ్య సగానికి దిగడానికి అటూ ఇటూగా అరగంట కావాలి. పొగ పలచబడే కొద్దీ ఆ గడువు గంటలకు, రోజులకు పెరుగుతుంది. ఏ కర్మాగారపు గొట్టంలోనూ పొగ అరగంట ఆగదు. కొన్ని సెకన్లలో బయటపడుతుంది.

"మొదలు పెడుతున్నా" అంటుంది. మీరు మఫ్‌ల మీద చేతులు అదుముకుంటారు.

నాబ్ తిరుగుతోంది. పెట్టె మీద అంకెలు 900 దాటాయి, 950, 1000. ఒక మామూలు ఈల, అంతే. 1030 దగ్గరకు రాగానే ఆ ఈల ఒక్కసారిగా పొంగుతుంది. గొట్టం పొడవులో సరిగ్గా ఆరు అర్ధ తరంగాలు ఇమిడే చోటు అది. పైమూతను కొట్టి తిరిగొచ్చిన అల, కింది నుంచి వస్తున్న అలతో కలిసి లోపలే బలపడుతోంది. ప్లగ్గులు, మఫ్‌లు రెండూ ఉన్నా ధ్వని మీకు దవడ ఎముకలోంచి వినిపిస్తోంది. బల్ల మీద ఆనించిన మోచేయి జిలపెడుతోంది. గొట్టం లోపల మీటరు 150 డెసిబెల్స్ చూపిస్తోంది. చెవి నొప్పెట్టే 120 డెసిబెల్స్‌తో పోలిస్తే ధ్వని శక్తి వెయ్యి రెట్లు.

ఇప్పుడు గొట్టం వైపు చూడండి.

మొదటి రెండు మూడు సెకన్లలో వెలుగు వణుకుతుంది. ఆరు చోట్ల ఆ వణుకు మిగతా చోట్ల కంటే ఎక్కువ. తర్వాత గోడల వెంట పొగ ఒక దిక్కుకూ, గొట్టం నడిమిన ఎదురు దిక్కుకూ కదులుతూ చిన్న చిన్న సుడులు పుడతాయి. ధ్వని గాలిని అటూ ఇటూ ఊపడమే కాదు, నెమ్మదిగా ఇలా తిప్పుతుంది కూడా. లార్డ్ రాలీ 1884లో దీని కారణాన్ని గణితంలో విప్పి చెప్పాడు. సుడులను చూస్తుండగానే వెలుగు తీరు మారుతుంది. ఇందాక ఎటు చూసినా ఒకే రంగున్న పొగలో గరుకుదనం వస్తుంది. ముందు పొడి చుక్కలు. ఆ చుక్కలు జతలవుతాయి, జతలు పోగులవుతాయి. ఒక పోగు గాజు దగ్గరగా తేలివచ్చి లేజర్ రేకులో పడి మెరుస్తుంది. అది గుండ్రంగా లేదు. కణం వెనక కణం అతుక్కుని, మధ్యలో ఖాళీలతో, కొమ్మలు వేసినట్టుంది. మీరు చూస్తుండగానే అది ఇంకోదాన్ని తగిలించుకుని, బరువెక్కి, కిందికి జారిపోతుంది. దాని వెనక మరొకటి, ఆ తర్వాత పదులు. గొట్టం అడుగున డ్రైవర్ మీద కప్పిన పలుచటి పొర పైన బూడిదరంగు పొడి పడుతోంది.

ఆమె ధ్వని ఆపుతుంది. గదిలో మౌనం చెవులను నొక్కుతుంది. గొట్టంలో వెలుగు సగానికి పైగా పోయింది. పొగ ఎటూ పారిపోలేదు, మూతలన్నీ బిగించే ఉన్నాయి.

"ఇంకోసారి చూపిస్తా సార్. ఈసారి దీంతో" అని ఆమె బల్ల కింది నుంచి తీసింది ఒక నెబ్యులైజర్. ఆస్తమా ఉన్న పిల్లలుండే ఇంట్లో ఈ యంత్రం మోత తెలియనివాళ్లుండరు. మందును అయిదు మైక్రాన్లకు లోపు బిందువులుగా చేసి ఇస్తుంది. ఎందుకంటే ఆ పరిమాణంలో ఉన్నదే గొంతు మలుపులు దాటి లోపలిదాకా చేరుతుంది. మందుకు పనికొచ్చే ఆ దారే మసికీ పనికొస్తుంది. మసి ఇంకా సన్నం కాబట్టి గాలి తిత్తులదాకా వెళ్లి కూర్చుంటుంది. ఈ ఒక్క సంగతి కోసమే నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల.

ఈసారి గొట్టంలో అగరుబత్తి పొగతోపాటు కొంచెం ఉప్పునీటి పొగమంచు కలుస్తుంది. మళ్లీ అదే 1030, మళ్లీ దవడలో అదే మోత. తేడా మాత్రం వెంటనే తెలుస్తుంది. ఇందాక పట్టినంత సమయం ఈసారి పట్టలేదు. పెద్ద బిందువులు విత్తనాలుగా పనిచేసి, చుట్టూ ఉన్న సన్నటి పొగను తమ మీదికి చేర్చుకున్నాయి.

ఎలా చేర్చుకున్నాయి? మజ్జిగ చిలికిన చేతికి ఇది తేలిగ్గా అందుతుంది. కవ్వం తాడును ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతూ ఉంటే వెన్న బొట్లు కొత్తగా ఏమీ పుట్టవు. ముందు నుంచీ ఉన్నవే ఆ ఊపుకు ఒకదాన్నొకటి తాకి, అంటుకుని, ముద్దై పైకి తేలతాయి. గొట్టంలో ధ్వని చేసిందీ చిలకడమే, సెకనుకు 1030 సార్లు.

ఆ ఊపు ఎంత? 150 డెసిబెల్స్ దగ్గర గొట్టంలోని గాలి, కదలిక ఎక్కువగా ఉన్న చోట, మిల్లీమీటరులో మూడో వంతు అటు, మూడో వంతు ఇటు ఊగుతోంది. మైక్రాను కణాల లోకంలో ఇది పెద్ద ప్రయాణం. అందులో అందరూ ఒకేలా ఊగరు. ఒక మైక్రాను బూడిద కణానికి బరువు లేనట్టే కాబట్టి గాలి ఎటు పోతే అటు, గాలితో సమంగా పోతుంది. పది మైక్రాన్ల బూడిద కణం అలా కాదు. గాలి అటు తోసేలోగా దాని బరువు దాన్ని ఆపుతుంది, అది కదలడం మొదలుపెట్టేలోగా గాలి ఇటు తిరిగేస్తుంది. చివరికి గాలి ఊపులో సుమారు నాలుగో వంతే అది కదులుతుంది. అంటే సన్నవి దాని ముందు నుంచి, పక్క నుంచి సెకనుకు వేలసార్లు దూసుకుపోతుంటాయి. ఏదో ఒక ఊపులో తగులుకుంటాయి. తగిలాక వదలవు.

అన్నీ ఒకే సైజు కణాలైతే? మొదటిసారి అగరుబత్తి పొగలో జరిగింది దాదాపు అదే, అక్కడ కూడా అవి కలిశాయి. దాని గుట్టు 1990ల మధ్యలో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ హాఫ్‌మన్, గ్యారీ కూప్‌మన్ అనే ఇద్దరు చిత్రాలు తీసి చూపించారు. ధ్వనిలో ఒకే వరసలో ఉన్న రెండు కణాల్లో, ముందున్నదాని వెనక గాలి కాస్త బలహీనపడుతుంది. వెనకదానికి ఆ నీడలో అడ్డు తక్కువ, అందుకని ముందుకు జరుగుతుంది. గాలి దిశ మారగానే పాత్రలు మారతాయి, కానీ ఫలితం మళ్లీ దగ్గరవడమే. ఊపు ఊపుకూ కొంచెం కొంచెం దగ్గరై చివరికి కలుస్తాయి. వాళ్లు తీసిన చిత్రాల్లో రెండు కణాల జాడలు రెండు గీతలుగా వచ్చి ఒక గీతగా కలిసిపోయి, శ్రుతిదండం ఆకారంలో కనిపిస్తాయి. ధ్వనిశాస్త్రంలో అంతకంటే అందమైన ఫొటోలు నేను చూడలేదు.

డిగ్రీలో భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఈ గొట్టం కొత్తది కాదు. ఒక్క నిమిషం 1866 నాటి బెర్లిన్‌కు వెళ్లి ఆగస్ట్ కుంట్ పక్కన నిలబడండి. బల్ల మీద అడ్డంగా ఉన్న గాజు గొట్టంలో ఆయన లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాల పొడిని పలచగా పరిచాడు. ఒక కడ్డీని తడిగుడ్డతో పొడవునా రుద్దాడు. కీచుమని సన్నటి మోత. గొట్టంలో పొడి ఎగిరి, అలలు అలలుగా సర్ది కూర్చుంది. కుప్పల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి ఆయన ధ్వని వేగం లెక్కగట్టాడు. ఆయనకు కావలసింది ఆ కొలతే. పొడి ఎందుకు జరిగిందన్నది ఇంకొకరి ప్రశ్న. ఆ ప్రశ్నను 1931లో ఇంగ్లండులోని లీడ్స్‌లో ప్యాటర్సన్, కావుడ్ ఎత్తుకున్నారు. మోగే గొట్టంలో ఆ పొడికి బదులు పొగ పెట్టి, అది ముద్దకట్టడం చూశారు. 1936కల్లా జర్మనీలోని కొలోన్‌లో బ్రాంట్, ఫ్రాయిండ్, హీడెమన్ ముగ్గురూ దానికి సిద్ధాంతం రాశారు. పెద్ద కణం వెనకబడుతుంది, చిన్నది వెంటపోతుంది అని ఇందాక చెప్పుకున్న లెక్క వాళ్లదే. 1940లలో అమెరికా గనుల శాఖలో హిల్లరీ సెయింట్ క్లెయిర్ పొగను, మంచును, దుమ్మును పెద్ద ధ్వనితో ముద్దకట్టించాడు. 1960లలో రష్యన్ శాస్త్రవేత్త మెద్నికొవ్ దీని మీద పుస్తకమే రాశాడు. ఇంతమంది ఇంత కాలం దాన్ని నమ్మి పనిచేశారు. మరి ఇది మన పొగగొట్టాల దాకా ఎందుకు రాలేదు?

ఆ జవాబు ల్యాబులో దొరకదు. గోదావరి లోయలోని బొగ్గు బెల్టులో ఒక థర్మల్ కేంద్రానికి రండి.

500 మెగావాట్ల యూనిట్. రాత్రి షిఫ్టు. బాయిలర్ వెనక, పొగగొట్టానికి ముందు, నాలుగంతస్తుల ఎత్తున్న ఇనుప పెట్టెల వరస ఉంది. దీని పేరు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్, అందరూ ఈఎస్పీ అనే అంటారు. బయట గ్రేటింగ్ మెట్లు ఎక్కుతుంటే చెప్పుల కింద బూడిద కరకరలాడుతుంది.

"జర పైలం సార్, బూడిదుంది, జారుతది" అంటాడు ముందు నడుస్తున్న ఆపరేటరు. పైకెక్కగానే ముఖానికి వేడి తగులుతుంది. కాళ్ల కింది పెట్టెల్లో 130, 140 డిగ్రీల వాయువు పోతోంది. చుట్టూ ట్రాన్స్‌ఫార్మర్ రెక్టిఫయర్ల గుంయి మోత. అంతలో కాళ్ల కింద ఠంగుమని ఒక దెబ్బ, కాస్సేపాగి ఇంకొకటి. ర్యాపింగ్ సుత్తులవి. లోపల వేలాడే పలకలకు అంటుకున్న బూడిదను కొట్టి కింది హాపర్లలోకి రాలుస్తున్నాయి.

లోపల జరిగేది ఫ్రెడరిక్ కాట్రెల్ 1907లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన పనే. అరవై డెబ్భై వేల వోల్టుల వరకు కరెంటు పెట్టిన తీగల మధ్య నుంచి పొగను పంపితే కణాలకు విద్యుదావేశం వస్తుంది, అవి ఎదుటి పలక మీదికి లాక్కుపోతాయి. ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఈ ఒక్క యూనిట్ గంటకు 300 టన్నులకు పైగా బొగ్గు కాలిస్తే, పొగలో కలిసి వచ్చే బూడిద గంటకు వంద టన్నుల ప్రాంతంలో ఉంటుంది. ఈఎస్పీ అందులో 99.9 శాతం పట్టేస్తుంది. మిగిలే ఆ పదో వంతు శాతమే గంటకు వంద కిలోలు.

"ఇగో, మొదటి ఫీల్డ్‌ల అంతా దొడ్డు బూడిద పడ్తది. ఆఖరి ఫీల్డ్‌ల సన్నదే వస్తది. పట్టుకుంటే చేతికి తగిలినట్టే ఉండది." ఆపరేటరు చెప్పినదాంట్లో అసలు కథ అంతా ఉంది. పట్టుబడకుండా పోయే కణాల్లో, సంఖ్య ప్రకారం చూస్తే, ఎక్కువ భాగం ఏ సైజువో ఊహించవచ్చు. ఒక మైక్రానుకు పైబడ్డ కణాన్ని విద్యుత్ క్షేత్రమే బలంగా ఆవేశపరుస్తుంది. మైక్రానులో పదో వంతుకు దిగువనున్నది తనంతట తానే ఎగిరెగిరి అయాన్లను తగిలించుకుంటుంది, పైగా తేలికది కాబట్టి ఆ కొద్దిపాటి ఆవేశానికే పలక వైపు కదిలిపోతుంది. ఈ రెంటికీ నడుమ, పదో వంతు నుంచి ఒక మైక్రాను దాకా, ఏ బలమూ గట్టిగా పనిచేయదు. కిటికీ తెరిచినట్టు అక్కడి నుంచే పొగ జారిపోతుంది. లోపలి ఊపిరిదాకా చేరే మసి సరిగ్గా ఆ సైజుదే.

"ధ్వని పెట్టి బూడిదను ముద్ద చేస్తారట, విన్నారా?" అని మీరు అడుగుతారు.

"హారన్లా సార్? మాకున్నయ్ గదా హాపర్ల కాడ." ఆయన చెప్పింది నిజమే. చాలా కేంద్రాల్లో సోనిక్ హారన్లు ఉంటాయి. కంప్రెస్డ్ గాలితో కొన్ని నిమిషాలకొకసారి కొన్ని సెకన్ల పాటు మోగి, గోడలకు పట్టిన బూడిదను వదిలిస్తాయి. అక్కడ ధ్వని అంటుకున్నదాన్ని విడదీస్తోంది, మనం మాట్లాడేది విడిగా ఉన్నదాన్ని అంటించే ధ్వని. దాని చోటు కూడా వేరే. ఈఎస్పీలోకి పొగ దూరే ముందు, ఆ వెడల్పాటి డక్టులో అది ఉండాలి. పట్టే పని ఎప్పటిలాగే ఈఎస్పీదే. ధ్వని చేసేదల్లా ఈఎస్పీకి అందని సైజును అందే సైజుకు తేవడం.

అలాంటి అమరికను 1990లలో స్పెయిన్‌లో నిజంగానే కట్టి చూశారు. మాడ్రిడ్ ధ్వనిశాస్త్ర సంస్థకు చెందిన హువాన్ గాయెగో-హువారెస్ బృందం అర మెగావాట్ ఉష్ణశక్తి ఉన్న బొగ్గు కొలిమి నుంచి పొగ తీసుకుని, ఒక ధ్వని గది గుండా పంపి, ఆ తర్వాత ఈఎస్పీలోకి వదిలింది. గది గోడ మీద నాలుగు గుండ్రటి పళ్లేలు. దగ్గరకెళ్లి చూస్తే పళ్లెం నున్నగా లేదు, కేంద్రం నుంచి అంచుదాకా వలయాలు వలయాలుగా మెట్లున్నాయి. పళ్లెం కంపించేటప్పుడు ఒక వలయం ముందుకొస్తుంటే పక్కది వెనక్కి పోతుంది, రెండిటి ధ్వనీ ఒకదాన్నొకటి చంపుకుంటుంది. అందుకని పక్క వలయాన్ని సరిగ్గా అర తరంగదైర్ఘ్యం ఎత్తులో కూర్చోబెట్టారు. అప్పుడు అంతా ఒకే వరసలో, ఒకే దిక్కుకు, బలంగా వెళుతుంది. ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలు 10,000, 20,000 హెర్ట్జ్. ఊపు ఎంత వేగమైతే అంత చిన్న కణం కూడా గాలి వెంట పోలేక వెనకబడుతుంది. అలా మైక్రాను కణమే ఇంకా చిన్నవాటికి విత్తనం అవుతుంది. వాళ్ల ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. ధ్వని లేనప్పటితో పోలిస్తే బయటికొచ్చే సన్న కణాల సంఖ్య సుమారు 40 శాతం తగ్గింది. పొగ ఆ గదిలో ఉన్నది కొన్ని సెకన్లే.

నలభై శాతం తక్కువేమీ కాదు. ఈఎస్పీ ఇప్పటికే విడిచిపెట్టేసిన భాగంలోంచి అంత వెనక్కి తెచ్చింది మరి. ఆ పని ఇంకా పైలట్ ప్లాంట్లలోనే ఎందుకు ఆగిందో చెప్పడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది కరెంటు. 150 డెసిబెల్స్ అంటే చదరపు మీటరుకు ఒక కిలోవాట్ ధ్వని. 160 కావాలంటే పది కిలోవాట్లు. 500 మెగావాట్ల యూనిట్‌లో పొగ పారే డక్టుల అడ్డుకోత మొత్తం పదుల చదరపు మీటర్లు ఉంటుంది. అంటే ధ్వనికే వందల కిలోవాట్లు, ధ్వనిని పుట్టించే యంత్రాల నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. గోడల నుంచి తిరిగొచ్చే అలలను వాడుకుని కొంత తగ్గించవచ్చు. అయినా పెద్ద కేంద్రంలో ఇది తేలిక ఖర్చు కాదు. వేడికి, బూడిదకు తట్టుకుని ఏళ్ల తరబడి మోగే పరికరాలూ కావాలి, చుట్టూ పనిచేసేవాళ్ల చెవులు కాపాడే గోడలూ కావాలి. ఇవి ఇంజనీర్లు తీర్చగల చిక్కులే.

రెండోది నాకు ఎక్కువ బాధ కలిగించేది. ఆపరేటరుతో కలిసి కంట్రోల్ రూముకు దిగి తెర మీద చూడండి. పొగగొట్టం దగ్గర కొలిచే అంకె ఘనమీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని ఉంటుంది. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల్లో కొత్త కేంద్రాలకు పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. మంచి నియమమే, దానివల్ల ఎన్నో ఈఎస్పీలు బాగుపడ్డాయి. కానీ అది తూకం. పది మైక్రాన్ల ఒక్క కణం, ఒక మైక్రాను కణాలు వెయ్యింటితో సమానంగా తూగుతుంది. మైక్రానులో పదో వంతువి పది లక్షలు కలిస్తే గానీ దానికి సరిరావు. కాబట్టి ఇంజనీరు తూకం తగ్గించాలంటే పెద్ద కణాలనే వెంటాడతాడు, అదే న్యాయం కూడా. సన్నకణాల్లో నలభై శాతాన్ని తప్పించినా తెర మీది అంకె కదిలీ కదలనట్టే ఉంటుంది. కదలని అంకె కోసం ఎవరు డబ్బు పెడతారు?

కణాలను లెక్కపెట్టడం మన చట్టానికి తెలియని పని కాదు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 ప్రమాణాల్లో డీజిల్ కారుకు, నేరుగా ఇంధనం చిమ్మే పెట్రోలు ఇంజనుకు కణాల సంఖ్య మీదే హద్దుంది, కిలోమీటరుకు 60,000 కోట్లు. ఆ ఒక్క అంకె వల్ల డీజిల్ కారు వెనక ఫిల్టర్ తప్పనిసరి అయింది. హైదరాబాద్ రోడ్డు మీద తిరిగే కారు పొగను ఒక్కొక్క కణంగా లెక్కిస్తున్నాం, 275 మీటర్ల పొగగొట్టాన్ని మాత్రం తూకం వేసి వదిలేస్తున్నాం. ఆ పొగగొట్టం కింది ఊళ్లలో ఊపిరి పీల్చేవాళ్లకు ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

పెద్ద కేంద్రాల విషయం తేలేదాకా చేతులు ముడుచుకోవలసిన పనీ లేదు. చిన్న చోట్ల ఈ లెక్క తేలిగ్గా కుదురుతుంది. మిర్యాలగూడ వైపు రండి. ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు ఉడకబెట్టే బాయిలర్‌లో ఊక మండుతోంది. బాయిలర్ వెనక ఇనుప రేకుతో చేసిన సైక్లోన్ ఉంది. పొగను గుండ్రంగా తిప్పి, బరువైన బూడిదను గోడకు కొట్టి కిందికి దించుతుంది. కరెంటు తీగలు లేవు, ఫిల్టర్ గుడ్డలు లేవు, కదిలే భాగమూ లేదు. పది మైక్రాన్ల కణాన్ని బాగా పడుతుంది, రెండు మైక్రాన్లదాన్ని దాదాపు పట్టదు. దాని ముందు, పొగ వేగం తగ్గేలా, చదరపు మీటరు అడ్డుకోత ఉన్న ఒక గదిని పెట్టి 150 డెసిబెల్స్ ధ్వని నింపాలంటే కావలసింది ఒక కిలోవాట్ ధ్వని, దానికి కొన్ని రెట్ల కరెంటు. మిల్లులో ఒక మోటారు తాగేంత. రెండు మైక్రాన్లవి అయిదారు మైక్రాన్ల ముద్దలైతే చాలు, మిగతాది ఆ సైక్లోనే చూసుకుంటుంది. ఊక బూడిద బొగ్గు బూడిదలాంటిది కాదు, గరుకుగా, తేలిగ్గా ఉంటుంది. ముద్దలు సైక్లోన్ సుడికి తట్టుకుని నిలుస్తాయా, మళ్లీ విడిపోతాయా అన్నది అక్కడే చూడాలి.

ఒక మిల్లు, ఒక సీజను, ఒక విశ్వవిద్యాలయపు ల్యాబు కలిస్తే తేలే పని ఇది. ధ్వని ఆపి ఒక గంట, పెట్టి ఒక గంట, బాయిలర్ ఒకే తీరుగా మండుతున్నప్పుడు కొన్ని వారాల పాటు మార్చి మార్చి కొలవాలి. కొలిచేది సైక్లోన్ దాటాక. తూకం యంత్రం ఎలాగూ ఉంటుంది, దాని పక్కన మైక్రానులో పదో వంతు నుంచి పైకి కణాలను సైజుల వారీగా లెక్కపెట్టే కౌంటరు కూడా ఉండాలి.